పునుగుల బండికి చోటు కావాలి

పోయిన ఏడాది ఉగాదికి మా ఊరి తెలుగువాళ్ళం ఒక హాల్లో కలిశాం. తలా ఒక వంటకం. నేను పునుగులూ అల్లం చట్నీ చేసుకెళ్ళాను. గిన్నె పది నిమిషాల్లో ఖాళీ. "ఇక్కడ బజార్లో బండి పెట్టు, శనివారాలు మేమంతా నీ దగ్గరే" అని ఒకరంటే నలుగురు తలూపారు. నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు.

మాది తెనాలి. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను. పెళ్ళయి ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరికి వచ్చి తొమ్మిదేళ్ళు. చిన్నదాన్ని కూడా బడిలో వేశాక, పగలంతా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోంది. నా పేరు మీద నాలుగు డబ్బులు సంపాదించి కూడా తొమ్మిదేళ్ళే. అందుకే మా ఆయనతో "నిజంగానే పెడితే?" అన్నాను. "ముందు కౌన్సిల్‌ని అడుగు" అన్నారు.

ఫోన్లో అమ్మకి చెబితే ఆవిడ ఆశ్చర్యపోయింది. "బండి పెట్టుకోడానికి కూడా అర్జీయా? మన బడి ముందు మిరపకాయ బజ్జీలాయన ఎవర్నడిగి పెట్టాడే?" అంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఇలాంటి ఆలోచన ఉన్న ఆడవాళ్ళు మనలో చాలామందే ఉంటారు కాబట్టి, నేను నేర్చుకున్నది ఇక్కడ వరసగా చెబుతాను.

వీధులు మూడు రకాలు

ఇంగ్లండ్, వేల్స్‌లో వీధి వ్యాపారానికి ఆధారం 1982లో వచ్చిన స్థానిక ప్రభుత్వాల చట్టం. అందులో నాలుగో షెడ్యూలు అంతా దీని గురించే. దాన్ని అమలు చేయాలా వద్దా అన్నది ఏ కౌన్సిల్‌కి ఆ కౌన్సిల్ తేల్చుకుంటుంది. అమలు చేసిన చోట వీధుల్ని మూడు రకాలుగా ప్రకటించవచ్చు. మొదటిది నిషేధిత వీధి. అక్కడ ఎవరూ అమ్మకూడదు. రెండోది లైసెన్స్ వీధి. మూడోది కన్సెంట్ వీధి, అంటే కౌన్సిల్ సమ్మతి ఉంటేనే అమ్మగలిగేది.

లైసెన్స్, కన్సెంట్ రెండూ ఒకటే అనుకున్నాను. కావు. లైసెన్స్ వీధిలో అర్జీని కాదనాలంటే, చట్టంలో రాసిన కారణాల్లో ఏదో ఒకటి చూపించాలి. వీధిలో చోటు చాలదు, అదే సరుకు అమ్మే దుకాణాలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి, ఇలాంటివి. చాలా కారణాల మీద మేజిస్ట్రేట్ కోర్టుకి అప్పీలుకి కూడా వెళ్ళవచ్చు. కన్సెంట్ అలా కాదు. ఇవ్వాలనిపిస్తే ఇస్తారు, లేదంటే లేదు. అప్పీలు లేదు. ఇచ్చాక కూడా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. రెండింటికీ గడువు గరిష్ఠంగా 12 నెలలు. అనుమతి లేకుండా అమ్మితే నేరం, కోర్టు 1,000 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు.

ఇదంతా లండన్ బయట సంగతి. లండన్ బరోల్లో చాలావాటికి 1990 నాటి వేరే చట్టం ఉంది. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకి వాటి చట్టాలు వాటికున్నాయి. పక్క ఊరి స్నేహితురాలికి వర్తించిన రూలు మీకు వర్తించకపోవచ్చు. మీ కౌన్సిల్ వెబ్‌సైట్లో 'స్ట్రీట్ ట్రేడింగ్' అని వెతికి, మీరనుకున్న వీధి ఏ రకమో ముందు చూసుకోండి.

గుడి పార్కింగ్ కూడా వీధే

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. "రోడ్డు మీద ఎందుకు, గుడి పార్కింగ్‌లో పెట్టుకో, అది ప్రైవేటు స్థలం" అని నాకూ సలహా ఇచ్చారు. ఈ చట్టంలో 'వీధి' అంటే రోడ్డూ ఫుట్‌పాత్ మాత్రమే కాదు, జనం డబ్బు కట్టకుండా రాగలిగే ఏ స్థలమైనా. పార్కింగ్ స్థలం యజమాని సరేనన్నా, కౌన్సిల్ ఆ ప్రాంతాన్ని కన్సెంట్ కింద పెట్టి ఉంటే కాగితం కావల్సిందే.

దీనికి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా పనికొచ్చేది సంత. చార్టర్ ద్వారా గానీ చట్టం ద్వారా గానీ హక్కు పొంది నడుపుతున్న మార్కెట్లో స్టాల్ తీసుకుంటే వీధి కన్సెంట్ అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం నేను మొదట్లోనే శ్రద్ధగా చదివి ఉంటే నాకు ఆరు నెలలు కలిసొచ్చేవి.

ముందు వీసా, తర్వాత పిండి

స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లలకి ఇది గట్టిగా చెప్పాలి. మీకిచ్చిన వారానికి 20 గంటలు ఉద్యోగానికే. సొంత వ్యాపారం చేయకూడదు, చిన్న స్టాల్ అయినా సరే. స్కిల్డ్ వర్కర్ వీసా వాళ్ళ భార్య లేదా భర్త డిపెండెంట్‌గా ఉంటే సొంత వ్యాపారం చేసుకోవచ్చు. నేను మొదట అలా ఉన్నదాన్నే. అసలు వీసా ఎవరి పేరున ఉందో వాళ్ళు మాత్రం తమ షరతులు ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. ఏడాదికి 1,000 పౌండ్లు దాటి అమ్మకం ఉంటే పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి కూడా చెప్పుకోవాలి.

కాగితాల కట్ట

చోటు సంగతి ఎలా ఉన్నా, తిండి అమ్మేవాళ్ళంతా ఆహార వ్యాపారంగా కౌన్సిల్లో నమోదు చేసుకోవాలి. మొదలుపెట్టడానికి కనీసం 28 రోజుల ముందు. దీనికి ఫీజు లేదు, కాదనడానికి వాళ్ళకి వీలూ లేదు. కానీ నమోదు వేరు, వీధిలో నిలబడే అనుమతి వేరు. నమోదు ఈమెయిల్ రాగానే అన్నీ అయిపోయాయని సంబరపడినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కన్సెంట్ అర్జీతో మా కౌన్సిల్ అడిగినవి: స్టాల్ ఫొటోలు, కొలతలు, ఎక్కడ నిలబడతామో గుర్తు పెట్టిన మ్యాపు, 50 లక్షల పౌండ్ల పబ్లిక్ లయబిలిటీ బీమా, గ్యాస్ పొయ్యికి గ్యాస్ సేఫ్ ఇంజనీరు ఇచ్చిన సర్టిఫికెట్, ఆహార శుభ్రత కోర్సు సర్టిఫికెట్, నా మీద పోలీసు రికార్డు లేదని బేసిక్ డీబీఎస్. బీమా అంకె చూసి గుండె ఆగినంత పనైంది. అది మనం కట్టేది కాదు, ఎవరికైనా ఏదైనా జరిగితే కంపెనీ భరించే హద్దు. ప్రీమియం భరించగలిగినంతే.

ఇంగువ చేసిన గొడవ

ఇంట్లోనే పిండి రుబ్బుతాను కాబట్టి అధికారి మా వంటింటికి వచ్చారు. ఆవిడ పిండి గిన్నె మూత తీసి, "ఇది రాత్రంతా బయటే ఉందా?" అన్నారు. నా డిగ్రీ అక్కర కొచ్చింది. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పిండిని పులిపిస్తాయి, ఆ పులుపులో హాని చేసేవి పెరగడం కష్టం అని చెప్పి, పీహెచ్ కాగితం ముంచి చూపించాను. నాలుగున్నర దగ్గర ఉంది. పులిసిన వెంటనే ఫ్రిజ్‌లో పెడతాననీ, ప్రతిసారీ పీహెచ్ రాసి పెడతాననీ డైరీ చూపిస్తే ఆవిడ ముఖంలో నవ్వు కనిపించింది.

అన్నం విషయంలో మాత్రం ఆవిడ చెప్పిందే నేను విన్నాను. పులిహోర కూడా అమ్ముదామనుకున్నాను. బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా స్పోర్లు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి పెరిగి విషం తయారు చేస్తాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. ఇది నేను పరీక్షలో రాసిన సమాధానమే, వంటింట్లో మర్చిపోయాను. ఇక్కడి నియమం వేడివి 63 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లనివి 8 డిగ్రీలు, అంతకు లోపు. పులిహోర జాబితా నుంచి తీసేశాను.

తర్వాత ఎలర్జీలు. చట్టం 14 రకాల గురించి కొనేవాళ్ళకి చెప్పాలంటుంది. మన తాలింపులో ఆవాలు ఒకటి. చట్నీలో పల్లీలు, పొడిలో నువ్వులు. మినప్పిండి, బియ్యప్పిండి కదా, 'గోధుమ లేదు' అని బోర్డు రాసేశాను. ఆవిడ ఇంగువ డబ్బా తిప్పి వెనక చదివారు. బజార్లో దొరికే ఇంగువలో చాలా వాటికి గోధుమపిండి కలుపుతారు. గోధుమ పడనివాళ్ళు ఆ బోర్డు నమ్మి తిని ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ నియమాలు పేపర్లు నింపడానికి పెట్టినవి కావని నాకు అర్థమైంది ఆ డబ్బా వల్లే.

శుభ్రతకి 5కి 5 వచ్చింది. ఆ పచ్చ స్టిక్కర్ ఫొటో అమ్మకి పంపాను.

రాని అనుమతి

రైల్వేస్టేషన్ దగ్గర వెడల్పాటి కాలిబాట మీద, శుక్ర శనివారాలకి కన్సెంట్ అడిగాను. నాలుగు వారాలు పోలీసుల్నీ, రోడ్ల శాఖనీ, చుట్టుపక్కల దుకాణాల్నీ అడిగారు. రెండు దుకాణాలు అభ్యంతరం రాశాయి. నూనె వాసన వస్తుందని, మేం ఏడాదంతా పన్నులు కడుతుంటే ఈవిడ వారానికి రెండు రోజులొచ్చి బేరం లాక్కుంటుందని. కౌన్సిల్ నుంచి వచ్చిన ఉత్తరం ఆరు లైన్లు. కుదరదన్నారు. అప్పీలు లేదు. అర్జీ ఫీజు వెనక్కి రాదు.

ఆ రోజు ఏడ్చాను. అభ్యంతరం పెట్టిన వాళ్ళ మీద కోపం చాలా రోజులు ఉంది. తర్వాత మాత్రం, తెనాలిలో మా బాబాయి కిరాణా కొట్టు ముందు ఎవరైనా కూరగాయల బండి ఆపితే ఆయన ఏమనేవాడో గుర్తొచ్చింది. అవే మాటలు. అద్దె కట్టేవాడి బాధ కూడా బాధే. నాకు మింగుడుపడనిది కాదనడం కాదు, నా మాట ఒక్కసారైనా వినకపోవడం.

లైసెన్సింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి, "ఇంకేం చేయొచ్చు?" అని అడిగాను. ఫోన్ ఎత్తినాయన మెల్లగా, "గురువారం సంత చూశారా?" అన్నాడు. తొమ్మిదేళ్ళుగా ఉల్లిపాయలు కొంటున్నది అక్కడే. చార్టర్ ఉన్న పాత సంత అది. కన్సెంట్ అక్కర్లేదు. రోజుకి 22 పౌండ్లు అద్దె, తయారుగా ఉన్న కాగితాలే చాలన్నారు. పక్క స్టాల్ జున్నులమ్మే పెద్దాయన మొదటి రోజు గాలికి నా గుడారం ఎగిరిపోతుంటే పరుగెత్తుకొచ్చి ఇనప బరువులు కట్టాడు. ఆ రోజు 61 ప్లేట్లు అమ్మాను. ఖర్చులు పోను చేతికి ఎక్కువేం మిగల్లేదు. అయినా ఆ డబ్బు కవర్లో విడిగా దాచుకున్నాను.

అమ్మ ప్రశ్నకి జవాబు

ఇప్పుడు అమ్మకి చెప్పగలను. మన దేశంలోనూ వీధి వ్యాపారులకి 2014లో చట్టం వచ్చింది. సర్వే చేసి వ్యాపారులకి సర్టిఫికెట్ ఇవ్వాలి, సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ లేపేయకూడదు. ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపారులు, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. అమలు ఎలా ఉన్నా, బండివాడికి కమిటీలో కుర్చీ వేయాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. ఇక్కడి నా అర్జీ మీద నిర్ణయం తీసుకున్న గదిలో బండి పెట్టిన మనిషి ఒక్కరైనా ఉంటే, ఆ ఉత్తరం ఆరు లైన్లతో అయిపోయేది కాదేమో.

మీలో ఎవరికైనా ఈ ఆలోచన ఉంటే, సామాను కొనకముందే మూడు పనులు చేయండి. మీ వీసా షరతులు చదవండి. వీధి ఏ రకమో, దగ్గర్లో పాత సంత ఉందో కనుక్కోండి. మీ ఇంగువ డబ్బా వెనక ఏముందో చూడండి.

మొన్న అమ్మ మళ్ళీ అడిగింది, "మన బజ్జీలాయన దగ్గర ఇన్ని కాగితాలు ఉండేవంటావా?" అని. ఉండేవి కాదేమో అన్నాను. "అందుకే పాపం, మున్సిపాలిటీ లారీ వస్తే బాణలి వదిలేసి పరిగెత్తేవాడు" అంది. ఆ మాట నేను మర్చిపోయాను. చిన్నప్పుడు అది చూసి నవ్వుకునేవాళ్ళం. ఈ గురువారం స్టాల్ సర్దుకుంటూ బీమా కాగితం, స్టిక్కర్ బల్లకి అంటిస్తుంటే ఆయనే గుర్తొచ్చాడు.