రాష్ట్రపతి యెన్నికయు మధ్యస్థుని వోటును

ఎన్నికలో నిలిచిన యిద్దరిలో ఒకరియందు గట్టి నమ్మకము గలవానికి వోటు వేయుట కష్టము కాదు. ఇద్దరియందును మనసు నిలువనివానికే కష్టము. అట్టివానిని ఈ వ్యాసమున మధ్యస్థుడని పిలిచెదము. మితవాది యనియు ననవచ్చును గాని, ఆ మాట వినగానే గోఖలేగారి కాలమునాటి కాంగ్రెసువారు తలపునకు వత్తురు. వారితో మనకిప్పుడు పని లేదు. ఇతడు రెండు పక్షముల తప్పులను ఎంచగలవాడు, ఏ పక్షమునకును పూర్తిగా లొంగనివాడు. అయినను ఎన్నికనాడు ఏదో యొక పేరునకు ఎదురుగా గుర్తు పెట్టవలసినవాడు. ఇతడు దేనిని చూచి గుర్తు పెట్టును? ఈ ప్రశ్నకు దృష్టాంతము వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కర లేదు. హిందూపురము పార్లమెంటు సభ్యులే భారత రాష్ట్రపతి పదవికి నిలిచి కొలది తేడాతో ఓడిపోయిన 1969వ సంవత్సరపు టెన్నిక కలదు.

ఆ సభ్యులు నీలం సంజీవరెడ్డిగారు. 1913 మే 19వ తేదీన అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామమున జన్మించిరి. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడినపుడు ప్రథమ ముఖ్యమంత్రులైరి. 1967లో హిందూపురము నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికై సభాపతి పదవి నధిష్ఠించిరి. సభాపతి యగువాడు ఏ పక్షమునకును చెందరాదని తలచి కాంగ్రెసు సభ్యత్వమును విడిచిరి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఆనాడు అనంతపురము జిల్లాలోనివి. 2022 ఏప్రిలు నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి.

రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు 1969 మే 3వ తేదీన పదవిలో నుండగానే మృతినొందిరి. మరల ఎన్నిక జరుపవలసి వచ్చెను. జూలై మాసమున, మన హిందూపురమునకు దాపుననే యున్న బెంగుళూరులో కాంగ్రెసు పెద్దలు సమావేశమైరి. ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి జగజ్జీవనరామ్ గారి పేరును సూచించెను. అధిక సంఖ్యాకులు దానిని త్రోసివైచి సంజీవరెడ్డిగారిని నిర్ణయించిరి. ఈ అధిక సంఖ్యాకులనే పత్రికలవారు ‘సిండికేటు’ అని పిలుచుచుండిరి. కొలది దినములలోనే మొరార్జీ దేశాయిగారినుండి ఆర్థికశాఖ తొలగింపబడెను. జూలై 19వ తేదీన పదునాలుగు పెద్ద బ్యాంకులు జాతీయము చేయబడెను. ఉపరాష్ట్రపతిగా నున్న వి. వి. గిరిగారు పదవికి రాజీనామా యిచ్చి, ఏ పక్షపు టిక్కెట్టును లేకయే తామును నిలిచిరి. మూడవ అభ్యర్థి చింతామణి దేశముఖుగారు. స్వతంత్ర పార్టీ, జనసంఘము ఆయనను నిలిపినవి.

ఇచట నొక ముచ్చట. సంజీవరెడ్డిగారు రాయలసీమ తెలుగువారు. గిరిగారు బరంపురమున జన్మించిన తెలుగువారు. 1937లో బొబ్బిలి రాజాగారినే ఎన్నికలో ఓడించినవారు. దేశముఖుగారు మహారాష్ట్రులైనను మన దుర్గాబాయమ్మగారి భర్త. కావున తెలుగు సభ్యుడు భాషాభిమానమొక్కటే చూచి వోటు వేయ దలచినను దారి దొరకకుండెను.

ఈ ముగ్గురిలో ఎవరును అల్పులు కారు. రెడ్డిగారు ముఖ్యమంత్రి, కాంగ్రెసు అధ్యక్షుడు, కేంద్రమంత్రి, సభాపతి. గిరిగారు కార్మికోద్యమమున తల నెరసినవారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతముల వివాదమున మంత్రిపదవినే వదలుకొనిరి. దేశముఖుగారు రిజర్వు బ్యాంకునకు గవర్నరైన మొదటి భారతీయుడు. అయినచో మధ్యస్థుడైన కాంగ్రెసు సభ్యునకు చిక్కు ఏమి? అభ్యర్థుల వెనుక నున్నవారే చిక్కు. రెడ్డిగారికి వేసిన వోటు సిండికేటునకు బలమగును. గిరిగారికి వేసిన వోటు, పక్షము చేసిన నిర్ణయమును పక్షపు నాయకురాలే కాలదన్నుటకు సమ్మతి యగును. కమ్యూనిస్టులతోడను ద్రావిడ మున్నేట్ర కళగమువారితోడను చేయి కలుపుటయు నగును. రెడ్డిగారి నామపత్రముపై సంతకము చేసినది ఇందిరాగాంధియే. పిదప, సభ్యులు తమ అంతరాత్మ చెప్పినట్లు వోటు వేయవలయునని పిలుపు నిచ్చినదియు ఆమెయే. ఇది నీతియా, నేర్పా యని నాడు దేశమంతట వాదములు చెలరేగెను. నా మట్టుకు నాకు రెండును కలసియే యున్నట్లు తోచును.

ఈ పదవికి గల అధికారమును గూర్చిన యనుమానము చిక్కును మరింత బిగించెను. రాష్ట్రపతికి సలహా చెప్పుటకు మంత్రివర్గ ముండునని రాజ్యాంగపు 74వ అధికరణము చెప్పుచున్నదే గాని, ఆ సలహాను తప్పక పాటింపవలయునని నాటికి అక్షరములలో లేదు. ఆ మాట 1976లో 42వ సవరణచే చేరినది. కావున 1969లో, తమకు నచ్చిన రాష్ట్రపతి వచ్చినచో సిండికేటువారు ప్రధానమంత్రిని తొలగింపజూతురను భయము వట్టి కల్పన కాదు. అట్లే, ప్రధానమంత్రి దయచే గెలిచిన రాష్ట్రపతి ఆమెకు ఎదురు చెప్పజాలడను భయమును వట్టిది కాదు. ఈ రెండు భయములలో ఏది పెద్దదో తేల్చుకొనుటయే మధ్యస్థుని పని. ఎవరు మంచివారని అతడు ప్రశ్నించుకొనలేదు. ఎవరు గెలిచినచో కలుగు కీడు తరువాత దిద్దుకొనదగినది యని ప్రశ్నించుకొనెను.

ఇక వోటు పద్ధతి. రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకొనరు. పార్లమెంటునకును రాష్ట్ర శాసనసభలకును ఎన్నికైన సభ్యులు ఎన్నుకొందురు. సభ్యుని వోటునకు విలువ కలదు. రాష్ట్రపు జనసంఖ్యను శాసనసభ్యుల సంఖ్యచే భాగించి, వచ్చిన దానిని మరల వేయిచే భాగింపవలయును. 1961 లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశపు జనసంఖ్య సుమారు 3 కోట్ల 60 లక్షలు, శాసనసభ్యులు 287 మంది. కాన ఒక్కొక్కరి వోటు విలువ 125. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము శాసనసభ్యులు మువ్వురును కలిసిన 375. పార్లమెంటు సభ్యుని వోటు ఒక్కటియే 576.

చీటిపై పేర్ల కెదురుగా 1, 2, 3 అని తన యిష్టపు వరుసను వ్రాయవలయును. 1 వ్రాయనిచో చీటి చెల్లదు. తక్కిన అంకెలు వ్రాయుట మానుట వోటరు ఇష్టము. మొదటి లెక్కలో ఎవరికిని సగమునకు మించి రానిచో, అడుగున నున్న అభ్యర్థిని తొలగించి ఆయన చీటీలను వానిపై గల తరువాతి యంకె ననుసరించి పంచెదరు. చీటి రహస్యము. ఈ యెన్నికలో విప్పు అనబడు పక్షాజ్ఞ చెల్లదు. మధ్యస్థునకు ఇంతకంటె అనుకూలమైన యేర్పాటు దొరకుట యరుదు. “నాకు నచ్చినవా డితడు, ఇతడు గెలువనిచో, ఆ యిద్దరిలో అతడు మేలు” అని రెండు మాటలు ఒకే చీటిపై చెప్పవచ్చును.

ఆగస్టు 16వ తేదీన వోట్లు పడెను. 20వ తేదీన లెక్కించిరి. చెల్లిన వోట్ల విలువ 8,36,337. గెలుపునకు కావలసినది 4,18,169. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశముఖుగారికి 1,12,769 వచ్చెను. నిలిచినవారు మొత్తము పదునైదుగురు. తక్కిన పండ్రెండుగురికి నామమాత్రముగా వచ్చెను, కొందరికి ఒక్క వోటును రాలేదు. ఎవరికిని చాలినన్ని రాలేదు గనుక పంపిణీ మొదలయ్యెను. తుదకు గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427.

ఈ యంకెలను కొంచెము నిదానించి చూడవలయును. పంపిణీకి వచ్చినది 1,21,274. అందులో 91,879 రెడ్డిగారిని చేరెను. 18,562 మాత్రమే గిరిగారిని చేరెను. మిగిలిన 10,833 ఎవరిని చేరలేదు. ఆ చీటీలపై ఈ యిద్దరి పేర్లకును అంకె లేదు. అనగా, దేశముఖుగారి పక్షమువారిలో పెక్కుమంది రెడ్డిగారినే రెండవవారినిగా ఎంచుకొనిరి. ఇది యాదృచ్ఛికము కాదు. కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారు స్వతంత్ర పార్టీ, జనసంఘముల నాయకులను కలిసికొని ఆ రెండవ ప్రాధాన్యములను కోరియుండిరి. కోరినవి దొరకెను. కాని ఆ కలయికయే కాంగ్రెసులోని మధ్యస్థులలో పలువురి మనసు విరిచెను. జగజ్జీవనరామ్ గారును ఫక్రుద్దీన్ అలీ అహమ్మదుగారును దానినే ఎత్తిచూపి, సభ్యులను స్వేచ్ఛగా వోటు వేయనిమ్మని పట్టుపట్టిరి. రెండవ అంకెల కొరకు పోయి మొదటి అంకెలను పోగొట్టుకొనుట యన నిదియే. తూగిసలాడు వోటరు అభ్యర్థి మాటలకంటె అతని క్రొత్త స్నేహితులను చూచి తీర్పు చెప్పునని రాజకీయవేత్తలు తరచుగా మరచుచుందురు.

తేడా ఎంత? 14,650. పార్లమెంటు సభ్యులు పదుమువ్వురు గిరిగారిని విడిచి రెడ్డిగారి వైపు మరలియుండినచో ఫలితము తారుమారయ్యెడిది: ఒకరికి 4,12,589, ఒకరికి 4,12,915. ఎవరికిని నచ్చక మిగిలిపోయిన 10,833 అంతయు రెడ్డిగారికే వచ్చినను ఆయన గెలిచెడివారు కారు. కావున ఆ చీటీలవారు తమ మౌనముచే ఫలితమును మార్చితిమని గర్వింపను వీలులేదు, చెరిచితిమని వగవను వీలులేదు.

ఎన్నికకు ముందు రెడ్డిగారి శీలమును దూషించు పేరులేని కరపత్రమొకటి సభ్యులలో వ్యాపించెను. దానిని ఆధారముగా గొని కొందరు సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసిరి. గిరిగారు రాష్ట్రపతి యైయుండియు స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చిరి. 1970లో వ్యాజ్యము కొట్టివేయబడెను. అట్టి పత్రములు దృఢపక్షపాతులను కదలింపవు, మధ్యస్థునకే గురిపెట్టబడును. అతనికి అభ్యర్థులపై పూర్వమే అంతంతమాత్రపు ప్రీతి గనుక చిన్న రోతయు అతనిని త్రిప్పగలదు.

ప్రజలే నేరుగా రాష్ట్రపతిని ఎన్నుకొను దేశములలో ఈ చిక్కు లక్షలాది గృహములలో కలుగును. ఫ్రాన్సున 2002లో మొదటి విడతయందు జాక్ షిరాకునకు నూటికి ఇరువది కూడ రాలేదు. తీవ్రవాది యగు లెపెన్ రెండవస్థానమున నిలువగా, షిరాకును సహింపని వామపక్షీయులు సైతము రెండవ విడతలో అతనికే వోటు వేసిరి. నూటికి 82 వచ్చెను. అది షిరాకుపై ప్రేమ యని ఫ్రాన్సులో నెవరును భ్రమపడలేదు. అచటనే 2017లో రెండవ విడతయందు నలువది లక్షలకు పైగా వోట్లు ఖాళీగానో చెల్లకయో పోయెను; ఇవి మన 10,833కు అక్కలు.

శ్రీలంకలో సామాన్య వోటరునకును మన శాసనసభ్యునివలె 1, 2, 3 వ్రాయు హక్కు కలదు. 2024 సెప్టెంబరు ఎన్నికలో మొదటిసారిగా రెండవ లెక్క అవసరమయ్యెను. అనుర కుమార దిసనాయకగారు గెలిచిరి. మూడవవారైన రణిల్ విక్రమసింఘెగారికి వేసినవారే సుమారు 23 లక్షలు. కాని రెండవ లెక్కలో మిగిలిన యిద్దరికిని కలిపి చేరినది మూడు లక్షలు కూడ లేదు. తక్కినవారు రెండవ అంకెను వ్రాయనే లేదు, లేదా తొలగిపోయినవారి పేర్లకే వ్రాసిరి. హక్కు ఇచ్చుట ఒకటి, దానిని వాడుకొనుట వేరొకటి.

మన దేశమున 2013లో సుప్రీముకోర్టు తీర్పు ననుసరించి లోకసభ, శాసనసభల ఎన్నికలలో ‘నోటా’ అను మీట ఏర్పడెను. హిందూపురము బజారులోని చింతపండు వర్తకుడును, ధర్మవరము మగ్గము మీది నేతగాడును తమకెవరును నచ్చలేదని ఇప్పుడు చెప్పగలరు. కాని నోటాకు అందరికంటె నెక్కువ వచ్చినను, మిగిలినవారిలో ముందున్నవాడే గెలుచును. రాష్ట్రపతి యెన్నికలో అది లేదు. 1969 చీటీల వరుసక్రమమే నాకు దానికంటె మెరుగుగా తోచును. నోటా తిరస్కారమును మాత్రమే తెలుపును. వరుసక్రమము తిరస్కారముతోబాటు “తప్పనిసరియైనచో ఇతడు” అను మాటనుగూడ నమోదు చేయును.

ఓటమి పిమ్మట సంజీవరెడ్డిగారు అనంతపురమునకు వచ్చి వ్యవసాయమున దిగిరి. ఆ 1969 నవంబరులోనే కాంగ్రెసు రెండుగా చీలెను. 1971లో అనంతపురమునుండి లోకసభకు నిలిచి మరల నోడిరి. 1977లో నంద్యాలనుండి గెలిచిరి. ఆంధ్రప్రదేశపు 42 స్థానములలో జనతా పక్షమునకు దక్కినది అదియొక్కటే. ఆ జూలైలో రాష్ట్రపతి పదవికి 37 నామపత్రములు రాగా 36 చెల్లకపోయెను. సంజీవరెడ్డిగారు పోటీ లేకయే ఎన్నికైరి. ఎనిమిదేండ్ల క్రిందట ఎవరి మనసునకును పూర్తిగా నచ్చని అభ్యర్థికే ఈసారి కాంగ్రెసువారును సమ్మతించిరి. మనిషి మారలేదు, వెనుక నిలిచినవారు మారిరి.

1979లో జనతా మంత్రివర్గము కూలెను. పిమ్మట వచ్చిన చరణసింగుగారు లోకసభ నెదుర్కొనకయే రాజీనామా యిచ్చిరి. అప్పుడు మంత్రివర్గ మేర్పరచుటకు తమకు అవకాశ మిమ్మని అడిగినవారు, బెంగుళూరులో రెడ్డిగారికి ప్రతిగా సూచింపబడిన జగజ్జీవనరామ్ గారే. రాష్ట్రపతి సంజీవరెడ్డిగారు ఆయనను పిలువక, ఆగస్టు 22వ తేదీన లోకసభను రద్దు చేసిరి.