‘నాకో టీ’ అంటే.. వద్దన్నారనుకున్నాడు!

కోణార్క్‌ ఎక్స్‌ప్రెస్‌లో నవ్వులే నవ్వులు

పుణె దాటింది మొదలు ఆ పెద్దాయన టీ కోసం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. టీ కుర్రాడు బోగీలోకి వచ్చిన ప్రతిసారీ చెయ్యెత్తి ‘నాకో టీ’ అంటున్నారు. కుర్రాడు తలూపి ముందుకు పోతున్నాడు. దౌండ్‌లోనూ అదే తంతు. రాత్రికి షోలాపూర్‌ చేరేసరికి ఆయనకు ఒళ్లు మండిపోయింది. ‘‘ఏటీ అన్యాయం? డబ్బులిస్తానంటే టీ ఇవ్వడేటి?’’ అని అందరికీ వినబడేలా అరిచారు.

అప్పుడే నానమ్మతో కలిసి బండెక్కిన పదేళ్ల పిల్లాడు పకపకా నవ్వాడు. ‘‘తాతా, నువ్వు వద్దంటున్నవని పోతుండు. మరాఠీల ‘నకో’ అంటే వద్దని!’’ అన్నాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత నవ్వుల హోరు. పిల్లాడే కిటికీలోంచి మరాఠీలో కేకేసి టీ ఇప్పించాడు. పలాస దాకా వెళ్లాల్సిన పెద్దాయనకు, షోలాపూర్‌ పిల్లాడికి అలా దోస్తీ కుదిరింది.

ఎందాకా?

ముంబయి నుంచి భువనేశ్వర్‌ వెళ్లే ఈ బండిలో ఇలాంటి ముచ్చట్లకు కొదవ లేదు. 1,900 కిలోమీటర్ల పైచిలుకు దారి. రెండు రాత్రుళ్లు, మధ్యలో ఓ పూర్తి పగలు. మహారాష్ట్రలో బయల్దేరి, కర్ణాటకను తాకి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ మీదుగా ఒడిశాకు చేరుతుంది. ముంబయి కామాఠీపురకు ఆ పేరు తెచ్చిన కామాఠీలు తెలుగు కూలీలే. షోలాపూర్‌లో మగ్గాల చప్పుడుతో పాటు తెలుగు మాట తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. ఆ చివర బరంపురం ఉండనే ఉంది. ఇంతమంది ఒకే బోగీలో కలిస్తే తెలుగు నాలుగు రకాలుగా మోగుతుంది.

పరిచయాలకు తాళంచెవి మాత్రం ఒక్కటే.. ‘ఎందాకా?’ అన్న ప్రశ్న. దాని వెనకే ఊరు, ఇంటిపేరు, పిల్లల చదువులు బయటికొస్తాయి. ఆ వెంటనే పులిహోర పొట్లం విప్పుకొంటుంది. మిడిల్‌ బెర్తు దగ్గర మాత్రం బంధుత్వాలు పనిచేయవు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకానే దాన్ని వేసుకోవాలన్నది రైల్వే నిబంధన. తొమ్మిదింటికే పడుకుంటానని ఒకరు, ఇంకా అన్నం తినలేదని మరొకరు. ఆరు దాటినా దిగని మనిషిని దించడానికి కింద వాళ్లు దగ్గుతారు, సామాన్లు జరుపుతారు. ఆఖరికి ‘టిఫిన్‌ వచ్చిందండీ’ అంటే చాలు, ఎంతటి కుంభకర్ణుడైనా లేచి కూర్చుంటాడు!

బోర్డే బడి

పిల్లాడికి తెలుగు మాట వచ్చు కానీ, అక్షరం రాదు. చదివేది మరాఠీ మీడియం. ‘‘ఇంట్ల నాతోని మాట్లాడ్తడు. నేను పోయినంక ఎవ్వరితోని మాట్లాడ్తడో, ఏమో’’ అని నానమ్మ బెంగ. ‘‘టీ ఇప్పించిన బాకీ ఉంది కదమ్మా. అక్షరాలు నేను చెబుతాను’’ అని పెద్దాయన మాటిచ్చారు.

తెల్లారేసరికి సికింద్రాబాద్‌. అక్కడి నుంచి స్టేషన్‌ బోర్డులే పలకలయ్యాయి. హిందీలో ఉన్న పేరు పిల్లాడు చదవాలి, అదే పేరు తెలుగులో ఎలా ఉందో పెద్దాయన చూపించాలి. వరంగల్‌లో ‘వ’ వచ్చింది. విజయవాడలో దానికి గుడి పెట్టి ‘వి’ చేశారు. పాఠం బాగానే సాగింది.

ఏలూరు దాటాక నీళ్లు కనబడగానే నానమ్మ ‘‘గోదారి తల్లీ’’ అంటూ కళ్లకద్దుకుని, దాచి ఉంచిన రూపాయి బిళ్ల విసిరేసింది. ఎదురు సీటావిడ నోరు నొక్కుకుంది. ‘‘అది కాలవండీ. గోదారి ఇంకా రాలేదు!’’ పెద్దావిడ ముఖం చిన్నబోయింది. దాంతో ఆవిడే సర్దిచెప్పింది.. ‘‘పోనీలెండి, కాలవలోవి మాత్రం గోదారి నీళ్లు కావా? ధవళేశ్వరం దగ్గర మళ్లించినవేగా!’’ కొవ్వూరు దాటి అసలు గోదారి వచ్చేసరికి బోగీలో నలుగురూ తలో బిళ్ల పట్టుకుని పెద్దావిడ ముందు చెయ్యి చాపారు. ఒక్కటి తీసుకుని మనవడి చేత వేయించింది.

సాయంత్రం బండి విశాఖలో ఆగుతుండగా పిల్లాడు బోర్డు చూసి ఒక్కసారిగా కేకేశాడు.. ‘‘వి..! విజయవాడ వచ్చింది!’’ కునుకు తీస్తున్న ఇద్దరు ఉలిక్కిపడి లేచారు. మధ్యాహ్నం దాటిపోయిన విజయవాడ మళ్లీ ఎలా వచ్చిందని ఒకటే కంగారు. అంతా నవ్వుతుంటే నానమ్మ కళ్లు మాత్రం చెమర్చాయి. ‘‘తప్పయితే తప్పాయె. మొదటి అక్షరం చదివిండు గదా!’’ సింహాచలం మొక్కు తీర్చుకోవడానికి వాళ్లిద్దరూ అక్కడ దిగిపోయారు.

బండి వెనక్కి పోతోంది!

అసలు గందరగోళం ఆ తర్వాత మొదలైంది. ముంబయిలో పుట్టి పెరిగిన ఓ కుర్రాడు తాతల ఊరు చూద్దామని తొలిసారి ఒంటరిగా విజయనగరం బయల్దేరాడు. మర్రిపాలెం బోర్డు చూసి, విశాఖ వస్తోందని ఇంటికి ఫోన్‌ చేసి, పైబెర్తు మీద కునుకు తీశాడు. మెలకువ వచ్చేసరికి బండి ఎదురు దిక్కుకు పోతోంది. కిటికీలోంచి చూస్తే మళ్లీ మర్రిపాలెం! ‘‘అయ్యో, వెనక్కి పోతోంది.. చైన్‌ లాగండి!’’ అంటూ దూకాడు. పక్కనున్న బరంపురం దంపతులు పట్టుకుని ఆపారు.

విశాఖ స్టేషన్‌లోకి వెళ్లిన బండి వచ్చిన వైపే బయటికి రావాలి. అందుకే ఇంజిన్‌ను అటు చివర నుంచి ఇటు చివరకు మారుస్తారు. మర్రిపాలెం దాటాక కొత్తవలస దారి పడుతుంది. ‘‘మా పెళ్లయిన కొత్తలో నేనూ ఇలాగే గొడవ చేశాను బాబూ’’ అని బరంపురం ఆయన ఓదార్చారు. గంజాం 1936 ఏప్రిల్‌ 1న ఒడిశాలో కలిసింది. ‘‘మేం ఊరు మారలేదు. రాష్ట్రమే మారింది. ఇంట్లో తెలుగు మాత్రం అలాగే ఉంది’’ అన్నారాయన. కుర్రాడు విజయనగరంలో దిగేదాకా వాళ్ల పక్కనే కూర్చున్నాడు.

పలాస వస్తే తమను లేపమని ఆ దంపతులు పెద్దాయనకు పదిసార్లు చెప్పారు. అర్ధరాత్రి కావస్తుండగా ఆయన దుప్పటి కప్పుకున్న మనిషిని తట్టి తట్టి లేపారు. లేచిన మనిషి ఒడియాలో ఏదో గట్టిగా అన్నాడు. అతను భువనేశ్వర్‌ వెళ్లాల్సినవాడు! చెంపలేసుకుని సంచులతో తలుపు దగ్గరికి వెళ్తే, ఆ దంపతులు నౌపడ నుంచే సామాన్లతో అక్కడ నిలబడి ఉన్నారు.

పలాస ప్లాట్‌ఫాం మీద టీ కుర్రాడు ఎదురొచ్చాడు. నిద్ర పాడవుతుందని పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపి, కొత్తగా నేర్చుకున్న మాట దర్జాగా ప్రయోగించారు.. ‘‘నకో!’’

కుర్రాడు వెంటనే కప్పు నింపి చేతిలో పెట్టాడు.