మూడు భాషల పొలిమేరలో మన పట్టణములు

భారతదేశ పటములో బీదరు మండలమును వెదకినచో మన చూపు కర్ణాటక రాష్ట్రపు ఉత్తరపు కొసకు పోవును. ఈ మండలమునకు "కర్ణాటక కిరీటము" అను బిరుదు కలదు. బిరుదు గొప్పదే, కాని రాజధానియగు బెంగుళూరు ఇచ్చటికి దాదాపు ఏడువందల కిలోమీటర్ల దూరముననున్నది. హైదరాబాదో, సుమారు నూటనలుబది కిలోమీటర్లు మాత్రమే. తూర్పున తెలంగాణము, ఉత్తరమునను పడమటను మహారాష్ట్రము. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, అంగడిలో దక్కనీ ఉర్దూ, సంతలో మరాఠీ వినుచు పెరుగు మన పిల్లలు, "మనము ఒరుల ఊరిలో నున్నామా?" అని ఒక్కొక్కప్పుడు అడుగుచుందురు. తల్లిదండ్రులు కొందరు జవాబు తోచక ఊరకుందురు. కావున ఈ సరిహద్దు పట్టణముల కథను కొంత వివరింపదలచితిమి.

మొదట కల్యాణమును చెప్పవలెను. నేడు బసవకల్యాణమని పేరొందిన ఈ పట్టణము పదునొకండవ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుని కాలమున రాజధానియయ్యెను. ఆఱవ విక్రమాదిత్యుడు 1076 మొదలు 1126 వఱకు ఇచ్చటినుండి పాలించెను. బిల్హణకవి కాశ్మీరమునుండి వచ్చి ఆతని కొలువున చేరెను. విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించినదియు ఆ కాలముననే. ఆస్తి పంపకముల వివాదములలో న్యాయస్థానములు నేటికిని ఆ గ్రంథము పేరెత్తుచుండును.

ఈ చాళుక్యులకే కాకతీయులు సామంతులు. రెండవ ప్రోలరాజు తన ప్రభువైన తైలపుని యుద్ధమున పట్టి విడిచిపెట్టెనని అనుమకొండ వేయిస్తంభముల గుడిలోని 1163 నాటి శాసనము చెప్పుచున్నది. ఓరుగంటి చరిత్ర చదువు విద్యార్థికి కల్యాణము పరదేశము కానేరదు. పండ్రెండవ శతాబ్దిలో కలచురి బిజ్జలుని కాలమున బసవేశ్వరుడు ఇచ్చటనే కులభేదములను కాదని శరణులను కూడగట్టెను. ఆ మహనీయుని కథను తెలుగు ద్విపదలో బసవపురాణముగా చెప్పినవాడు పాల్కురికి సోమనాథుడు. దానిని 1369 లో భీమకవి కన్నడించెను. కన్నడనాట పుట్టిన కథ తెలుగునకు వచ్చి, కావ్యమై, మరల కన్నడమునకు మరలినది!

హుమనాబాదు చెంత జలసంగి అను పల్లె కలదు. అచ్చటి చాళుక్య దేవాలయపు గోడమీద, విక్రమాదిత్యుని పొగడుచు పలకపై అక్షరములు చెక్కుచున్న యువతి శిల్పమున్నది. మేము పిల్లలతో వెళ్లినపుడు వారు గుడిని మఱచి ఆ పలకవద్దనే నిలిచిరి. ఒకడు రెండు మూడక్షరములు గుర్తుపట్టి, "ఇది తెలుగేనండీ!" అనెను. వాక్యము సంస్కృతము, లిపిమాత్రము తెలుగు కన్నడములు రెండును ఇంకను విడివడని నాటిది. కన్నడ బాలుడైనను తనదే అనియుండును. ఇరువురిదియు నిజమే.

కల్యాణము వెలుగు తగ్గిన చాలకాలమునకు, 1430 ప్రాంతమున, బహమనీ సులతాను అహమ్మదుషా కలబురిగినుండి రాజధానిని బీదరునకు మార్చెను. ఎత్తైన పీఠభూమి, మంచినీరు, చల్లనిగాలి కారణములని చెప్పుదురు. అంతకంటె ముఖ్యమైనదొకటి కలదని మా తలంపు: తెలుగు, కన్నడ, మరాఠీ సీమలు మూడింటికిని ఇది నడుమనున్నది. నేడు అంచుగా తోచు చోటు నాడు నడిబొడ్డు. మంత్రి మహమూదు గవాను రాజ్యమును ఎనిమిది భాగములుగా పంచినపుడు వాటిలో వరంగల్లు, రాజమహేంద్రవరము కూడ చేరినవి. ఆతడు 1472 లో కట్టించిన మూడంతస్తుల మదరసా, రంగుల పెంకులు కొన్ని మిగిలి, 1696 నాటి ప్రేలుడులో సగము కూలి, ఊరి నడుమ నిలిచియున్నది. శత్రువులు ఆతని ముద్రతో దొంగయుత్తరము పుట్టింపగా, రాజు విచారణలేక 1481 లో ఆ వృద్ధుని చంపించెను. రాజ్యము ఆపై కోలుకొనలేదు. వాస్కోడగామా రాకకు ఇరువదియైదేండ్లకు ముందే రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ గుఱ్ఱమును అమ్ముకొనుటకు ఈ వీధులకు వచ్చెను.

ఇంత ఎత్తున నీరెట్లు దొరకెనని పిల్లలడుగుదురు. బీదరు ఎఱ్ఱని మొరంపురాతి పొరపై నున్నది. ఈ రాయి జల్లెడవంటిది; వాననీరు దానిలో దిగి, అడుగుననున్న గట్టి నల్లరాతిని తాకి, ముందునకు పోజాలక గుట్టల అంచులలో ఊటలై వెలువడును. గురునానక్ ఝరా, గుహలో రొమ్ములోతు నీటిలో నడచి దర్శింపవలసిన నరసింహ ఝరణి ఇట్టివే. నౌబాదువద్ద భూమిలో సొరంగము త్రవ్వి, నడుమ నడుమ బావులు దింపి, ఆ నీటిని మళ్లించిన "కరేజు" పారసీకుల విద్య.

బిదిరీపని కూడ అట్టిదే. వచ్చినది పారసీకమునుండి, నిలిచినది ఇచ్చట. తుత్తునాగములో కొంచెము రాగి కలిపి పోతపోసి, మైలుతుత్తముతో తాత్కాలికముగా నలుపెక్కించి, లతలు చెక్కి, ఆ గాళ్లలో వెండితీగెను కొట్టుదురు. పిమ్మట వేడిచేసి, కోటలోని పాతమట్టిని నవాసారముతో కలిపి రుద్దగా లోహము కాటుకవలె నల్లనగును. వెండి మాత్రము తెల్లగనే నిలుచును. మట్టి పనికివచ్చునో రాదో పనివారు నాలుకతో రుచిచూచి చెప్పుదురు. 2006 లో ఈ పనితనమునకు భౌగోళికసూచిక గుర్తింపు లభించినది.

భాల్కికి కోటయు, హుమనాబాదునకు వీరభద్రుని జాతరయు మాణిక్యప్రభు క్షేత్రమును ప్రసిద్ధిని తెచ్చినవి. సరిహద్దునకు ఆవల జహీరాబాదు చెంతనున్న ఝరాసంగము సంగమేశ్వరుని కొలువ మూడు భాషలవారును వత్తురు.

మఱి సరిహద్దు ఎన్నటిది? 1956 నవంబరు 1 నాటిది. అంతవఱకు హైదరాబాదు రాష్ట్రమున నున్న బీదరు జిల్లాను ఆనాడు మూడుగా పంచిరి. ఉద్గీరు, నీలంగా, అహ్మదుపురము తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. నారాయణఖేడు తాలూకాయు, నిర్ణా ఫిర్కా తప్ప జహీరాబాదు తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ ఫిర్కాయు ఆంధ్రప్రదేశమునకు చేరినవి. మిగిలినది మైసూరునకు దక్కెను. భాషనుబట్టి గీత గీసిరి. కాని ఒకే వీధిలో మూడు భాషలున్నచోట ఏ గీతయు సరిగా పడదు. ఆవలివైపు పేరు 2014 లో తెలంగాణమైనది, ఈవలివైపు పేరు 1973 లో కర్ణాటకమైనది. మేనమామ ఆవలను మేనల్లుడు ఈవలను ఉండుట మాత్రము మాఱలేదు.

ఆ 1956 లోనే రాజ్యాంగమునకు జరిగిన ఏడవ సవరణ 350-ఏ అధికరణమును చేర్చినది. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో నొసగుటకు ప్రతి రాష్ట్రమును పాటుపడవలెనని దాని సారము. ఉన్నత పాఠశాల తరగతులను గూర్చి అది ఏమియు చెప్పదు. అచ్చట తెలుగు నిలుచుట, ఏటేట పిల్లలను చేర్పించు తల్లిదండ్రులమీద ఆధారపడియున్నది.