రాయి పిత్తాశయంలో, రోగం రక్తంలో

పిత్తాశయంలో రాళ్లు అనగానే మనకు నలభై దాటిన, కొంచెం ఒళ్లు చేసిన స్త్రీలు గుర్తుకు వస్తారు. చాలావరకు అది నిజమే. వారిలో ఎక్కువగా ఏర్పడేవి కొలెస్ట్రాల్ రాళ్లు. అయితే కడుపునొప్పి అంటున్న పన్నెండేళ్ల పిల్లవానికి స్కానింగ్ తీయిస్తే రాళ్లు కనబడ్డాయనుకోండి. "నీళ్లు సరిగా త్రాగడు, అందుకే" అని ఇంట్లో పెద్దవారు అంటారు. మేము ఈ నెల వ్రాయదలచినది ఇటువంటి రాళ్లను గురించే. పిల్లలలో రాయి కనబడినప్పుడు ముందుగా రక్తాన్ని గురించి అడగాలి.

మన ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. ముసలిదైన కణం విరిగినప్పుడు దానిలోని హిమోగ్లోబిన్ నుండి బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థం తయారవుతుంది. కాలేయం దానిని పైత్యరసంలో కలిపి పంపిస్తుంది. ఆ రసం నిలువ ఉండే చిన్న సంచే పిత్తాశయం. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారి రక్తకణాలు కొడవలివలె వంగిపోయి 10 నుండి 20 రోజులకే విరిగిపోతాయి. గనుక బిలిరుబిన్ మామూలుకంటె ఎంతో ఎక్కువగా వచ్చిపడుతుంది. అది కాల్షియంతో కలిసి నల్లని చిన్న చిన్న రాళ్లుగా పేరుకుంటుంది. తలసీమియాలోను, రక్తకణాలు బంతివలె గుండ్రమయ్యే స్ఫీరోసైటోసిస్‌లోను జరిగేది ఇదే. ఇందులో పిత్తాశయం చేసిన తప్పేమీ లేదు.

(టైఫాయిడ్ క్రిములు పిత్తాశయంలో దాగి ఉండడం, తీవ్రంగా కాలినవారికి రాయి లేకుండానే పిత్తాశయం వాయడం కూడ ఉన్నాయి. అవి వేరే కథలు.)

ఈ పిల్లల కళ్లు అప్పుడప్పుడు పచ్చబడతాయి. మన ఊళ్లలో వెంటనే కామెర్లని పసరు పోయిస్తారు, కొన్నిచోట్ల చేతిమీద వాత కూడ పెట్టిస్తారు. వారం పది రోజులకు పచ్చదనం తగ్గుతుంది, పసరుకు పేరు వస్తుంది. నిజానికి రక్తకణాలు విరగడం తగ్గితే పచ్చదనం దానంతటదే తగ్గుతుంది. కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది. పదేపదే కామెర్లు వచ్చే పిల్లలు, ఎప్పుడూ పాలిపోయి ఉండేవారు, కీళ్లు, ఎముకలు నొప్పులని ఏడ్చేవారు, కడుపులో బల్ల ఉన్నవారు మీ ఇంట ఉంటే రక్తపరీక్ష చేయించండి. ఆదిలాబాదు, భద్రాచలం, పాడేరు వైపు ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ ఎక్కువ. ఇతరులకు రాదని కాదు.

నొప్పి పెడుతున్న రాళ్లుంటే పిత్తాశయాన్ని తీసివేయవలసిందే, అందులో సందేహం లేదు. కాని రక్తం సంగతి తెలియకుండా బల్ల ఎక్కించడం ప్రమాదం. మత్తులో ఉన్నప్పుడు ప్రాణవాయువు తగ్గినా, ఒంట్లో నీరు తగ్గినా, చలి సోకినా కణాలు మరింతగా వంగి సన్నని రక్తనాళాలలో అడ్డుపడతాయి. ఊపిరితిత్తులకు ముప్పు రావచ్చు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు జాగ్రత్తపడతారు, అవసరమైతే ముందుగా రక్తం ఎక్కిస్తారు. ఇంకొక మాట. ఆపరేషన్ అయిన తరువాత కూడ ఈ పిల్లలకు కడుపునొప్పి రావచ్చు. "అంత డబ్బు పోసినా తగ్గలేదు" అని డాక్టరును నిందించే తల్లిదండ్రులున్నారు. ఆ నొప్పి రక్తవ్యాధిది. దానికి హైడ్రాక్సీయూరియా వంటి మందులు వేరే ఉన్నాయి, అవి డాక్టరు పర్యవేక్షణలో వాడవలసినవి.

సికిల్ సెల్ తల్లివైపు నుండి వచ్చిందా, తండ్రివైపు నుండా అని కొన్ని ఇళ్లలో తగవులు పడతారు. కోడలిని పుట్టింటికి పంపినవారూ ఉన్నారు. ఇది అన్యాయం. బిడ్డకు ఈ వ్యాధి రావాలంటే ఆ జన్యువు తల్లి నుండి, తండ్రి నుండి రెండువైపులా రావాలి. ఇద్దరూ ఆరోగ్యంగా కనబడే వాహకులైతే ప్రతి కాన్పులోను వ్యాధితో పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలలో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎక్కువ గనుక సంబంధం మాట్లాడుకునే ముందే పరీక్ష చేయించడం మేలు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. వ్యాధి ఎక్కువగా ఉన్న గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించడం దాని లక్ష్యం. ఒక బిడ్డకు వ్యాధి ఉన్నట్లు తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడ పరీక్ష చేయించండి. వారిలో ఎవరైనా వాహకులని తేలితే భయపడనక్కరలేదు. వాహకులకు సాధారణంగా మందులేవీ అవసరముండవు.