చిన్న విమానం కొనే ముందు ఇంట్లో అందరూ చూడవలసిన లెక్కలు

పోయిన ఉగాదికి మన సంఘ భవనంలో పంచాంగ శ్రవణం అయ్యాక పులిహోర పంచుతుండగా సభ్యులొకరు ఒక ఫైలు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. "అన్నా, మావాడు ఇంకో ముగ్గురితో కలిసి విమానంలో వాటా కొంటానంటున్నాడు. నాతో చెప్పకుండా అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. వాళ్లమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. మీరు కాగితాలు చూసిన మనిషి, ఒకసారి చూసి పెట్టండి" అన్నారు.

ఆ తల్లి భయం నాకు అర్థమైంది. మన ఇళ్లలో చిన్న విమానం అనగానే 2004 ఏప్రిల్ 17 గుర్తుకొస్తుంది. ఇక్కడి జక్కూరు నుంచి కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన సెస్నా 180 విమానం ఎగిరిన కాసేపటికే కూలిపోయి నటి సౌందర్య గారు, ఆమె సోదరుడు సహా అందులోని నలుగురూ చనిపోయారు. ఆ రోజు ఏడవని తెలుగిల్లు, కన్నడ ఇల్లు లేదు.

నేను ఉద్యోగమంతా గుమాస్తాగా చేసినవాణ్ని. విమానాలు తెలియవు కానీ ఫైలు చదవడం తెలుసు. ఆ కుర్రవాణ్ని, లైసెన్సు ఉన్న ఒక విమాన మరమ్మతు ఇంజనీరును వెంటబెట్టుకుని రెండు నెలలు తిరిగాను. బెంగళూరు జక్కూరులోనూ, మహారాష్ట్రలోని బారామతిలోనూ, ఒడిశాలోని బిరసాల్‌లోనూ శిక్షణ విమానాలు ఎగురుతున్నాయి. మన పిల్లలు అటు వెళ్లడం కొత్తేమీ కాదు. అందుకే తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు లైసెన్సు, తర్వాతే విమానం

సరదాకు ఎగరాలనుకునేవారు మొదట తీసుకునేది స్టూడెంట్ పైలట్ లైసెన్సు. దానికి 16 ఏళ్లు నిండాలి. తర్వాత వచ్చేది ప్రైవేట్ పైలట్ లైసెన్సు. దీనికి 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, కనీసం 40 గంటలు ఎగిరి ఉండాలి. నిబంధనలు, వాతావరణం, దారి లెక్క వంటి విషయాల్లో పరీక్షలుంటాయి. రేడియోలో మాట్లాడటానికి వేరే పరీక్ష ఉంది. డీజీసీఏ గుర్తించిన డాక్టరు ఇచ్చే క్లాస్ 2 మెడికల్ సర్టిఫికెట్టు కూడా కావాలి.

ఈ లైసెన్సుతో డబ్బులు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. "వారాంతంలో జాయ్ రైడ్లు తిప్పి ఖర్చు రాబట్టుకోవచ్చు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

మన కుర్రవాడికి స్టూడెంట్ లైసెన్సు మాత్రమే ఉంది. పెళ్లిచూపులు కాకముందే కల్యాణమండపానికి అడ్వాన్సు ఇచ్చినట్టయింది.

సైటు కొన్నట్టే కాగితాలు చూడండి

బెంగళూరులో సైటు కొనేటప్పుడు ఈసీ చూస్తాం, ఖాతా చూస్తాం, పన్ను రసీదులు చూస్తాం. విమానానికీ అంతే. మన దేశంలో ప్రతి పౌర విమానం మీదా వీటీ అనే అక్షరాలు, వాటి తర్వాత మూడక్షరాలు ఉంటాయి. ఆ పేరు మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు ఎవరి పేర ఉందో చూడాలి. ఎగరడానికి తగినదని చెప్పే ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్టు, దాని ఏడాది సమీక్ష పత్రం గడువులో ఉన్నాయో లేదో చూడాలి. బ్యాంకు తాకట్టు ఉందేమో అడగాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది లాగ్‌బుక్కు. విమానానికి ఒకటి, ఇంజనుకు ఒకటి, పంకాకు ఒకటి ఉంటాయి. ఏ రోజు ఎన్ని గంటలు ఎగిరింది, ఏ భాగం మార్చారు, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ అందులో ఉండాలి. లాగ్‌బుక్కులో ఖాళీ ఉందంటే విమానం జీవితంలో ఖాళీ ఉన్నట్టే.

మన కుర్రవాడు చూసినది ఒక పాత రెండు సీట్ల విమానం. అమ్మేవారు గొప్పగా చెప్పిన మాట ఇది: "ఇంజను ఓవర్‌హాల్ చేయించాక 300 గంటలే తిరిగింది. ఇంకా కొత్తదే." కుర్రవాడు దానికే పడిపోయాడు. "బాబాయ్, కారు కూడా తక్కువ తిరిగితేనే కదా మంచిది" అన్నాడు.

నేను తేదీలు రాసుకున్నాను. ఓవర్‌హాల్ జరిగి పదేళ్లయింది. చివరి 14 నెలల్లో ఒక్కసారీ ఎగరలేదు. మధ్యలో ఒక వర్షాకాలం మొత్తం బయటే నిలబడి ఉంది.

ఎగరని ఇంజను పాడవుతుంది

ఇది నాకు బొత్తిగా తెలియని సంగతి. ఇంజనీరు గారు విడమరిచి చెప్పారు. చిన్న విమానాల్లో ఎక్కువగా కనిపించే లైకమింగ్ ఇంజన్లకు రకాన్ని బట్టి 2,000 గంటలు, ఆ చుట్టుపక్కల ఓవర్‌హాల్ గడువు ఉంటుంది. గంటలు పూర్తి కాకపోయినా 12 ఏళ్లకు ఓవర్‌హాల్ చేయాలని తయారీదారే చెబుతాడు. అంటే ఈ ఇంజనుకు 1,700 గంటలు మిగిలినట్టు కనిపించినా నిజంగా మిగిలింది రెండేళ్లు.

రెండో సంగతి తుప్పు. ఈ ఇంజన్లలో కామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. నెలల తరబడి నిలబడితే దాని మీది నూనె కిందికి జారిపోతుంది. గాలిలోని తేమ ఆ లోహాన్ని పట్టుకుంటుంది. యానాం, చెన్నై, గోపాల్‌పూర్ వంటి తీరాల్లో ఉప్పుగాలి ఇంకా తొందరగా తింటుంది. "అప్పుడప్పుడు స్టార్ట్ చేసి ఆపేస్తున్నాం" అని చెప్పేవారుంటారు. అదీ మంచిది కాదు. నేల మీద కొద్దిసేపు నడిపితే ఇంజనులో కొత్త తేమ పుడుతుంది కానీ నూనె ఆ తేమ ఆవిరయ్యేంత వేడెక్కదు. ఎగిరితేనే ఆ వేడి వస్తుంది.

సిలిండర్ల లోపలికి చిన్న కెమెరా పంపి చూస్తే గోడల మీద ఎర్రటి తుప్పు చారలు కనిపించాయి. కుర్రవాడి ముఖం వాడిపోయింది.

బయట నిలబెట్టే విమానానికి ఇంకా చాలా బాధలున్నాయి. వేగం చూపే మీటరుకు గాలి అందించే పిటాట్ అనే చిన్న గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కడతాయి. మూత పెట్టకపోతే గాలిలోకి లేచాక వేగం తప్పు చూపిస్తుంది. ఇంజను మూత కింద పిచ్చుకలు గూడు పెడతాయి. ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులతో వచ్చే ఈదురుగాలికి తాళ్లతో నేలకు కట్టని విమానం బోర్లా పడగలదు.

పెట్రోలు సంగతి

చాలా చిన్న విమానాలు వాడేది ఏవీగ్యాస్ 100ఎల్ఎల్ అనే ప్రత్యేక పెట్రోలు. నీలం రంగులో ఉంటుంది. పెద్ద విమానాలు వాడేది కిరోసిన్ జాతికి చెందిన వేరే ఇంధనం. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే ప్రాణాపాయం. అందుకే నింపేటప్పుడు యజమాని పక్కనే నిలబడి రంగు చూడాలి. ఈ ఏవీగ్యాస్ అంతకుముందు విదేశాల నుంచే వచ్చేది. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వారు వడోదరలో తయారైన దాన్ని విడుదల చేశారు. అయినా ప్రతి రన్‌వే దగ్గరా దొరకదు. ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నాకే విమానం బేరమాడాలి.

రోటాక్స్ 912 వంటి ఇంజన్లు మోటారు పెట్రోలుతోనూ నడుస్తాయి. చాలా మైక్రోలైట్లకు ఉండేది ఇదే. ఇక్కడే కొత్త చిక్కు వచ్చింది. రోటాక్స్ వారు అనుమతించే ఇథనాల్ 10 శాతం వరకే. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పైకి వెళ్లే కొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. ఆ చలికి నీరు, ఇథనాల్ విడిపోయి ట్యాంకు అడుక్కు చేరితే ఇంజనుకు అందేది పెట్రోలు కాదు. రబ్బరు గొట్టాలు కూడా దెబ్బతింటాయి. స్కూటరుకు పోసినట్టు బంకు నుంచి క్యాన్లో తెచ్చి పోయడం ఇక కుదరదు.

ఏ పెట్రోలైనా, ఎగిరే ముందు ప్రతిసారీ ట్యాంకు అడుగు నుంచి గాజు గొట్టంలోకి కొంచెం పట్టి నీటి బుడగ ఉందేమో చూడాలి. పట్టేది ఒక్క నిమిషం.

బరువు, ఎండ

నాలుగు సీట్లున్న సెస్నా 172ఎస్ తీసుకుందాం. ఎగిరేటప్పుడు దాని గరిష్ఠ బరువు 1,157 కిలోలు. ఖాళీ బరువు, లోపలి సామాన్లను బట్టి, 770 అనుకుందాం. మిగిలింది 387 కిలోలు. పెట్రోలు నిండా పోస్తే 200 లీటర్లు, లీటరు 0.72 కిలోల చొప్పున 144 కిలోలు. ఇక మనుషులకు మిగిలేది 243 కిలోలు. అంటే 80 కిలోల వాళ్లు ముగ్గురు, అదీ సంచి కూడా లేకుండా. నాలుగు సీట్లున్నాయి కదా అని అత్తామామలతో సహా ఎక్కితే పెట్రోలు తగ్గించాలి. మనం తిరుపతికి ఇన్నోవాలో ఎనిమిది మందిని సర్దుతాం. ఇక్కడ ఆ సర్దుబాటు చెల్లదు.

దీనికి ఎండ తోడవుతుంది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీలుంటే తేడా 26. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,120 అడుగులు కలపాలి. నేల మీదే నిలబడి ఉన్నా విమానానికి మాత్రం 6,000 అడుగుల పైన ఉన్నట్టే. పలచని గాలిలో ఇంజను బలం ఐదో వంతుకు దగ్గరగా తగ్గుతుంది, రెక్కలకు ఆనే గాలీ పలచనే. పరుగు ఎక్కువ దూరం కావాలి, పైకి లేవడం మందగిస్తుంది. రన్‌వే చివర చెట్లో, కరెంటు తీగలో, ఫ్లైఓవరో ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి. అందుకే తెలిసినవారు తెల్లవారుజామునే ఎగిరి ఎండ ముదరకముందే దిగుతారు.

వాటాల ఒప్పందం

నలుగురు కలిసి కొనడం తప్పు కాదు. ఊళ్లో ఉమ్మడి బోరు వేసుకున్నట్టే. కానీ బోరు మోటారు కాలినప్పుడే కదా గొడవలు మొదలయ్యేది! స్టాంపు కాగితం మీద ముందే రాసుకోవలసినవి ఇవి:

• హ్యాంగరు అద్దె, బీమా, ఏటా తనిఖీ ఖర్చు ఎగిరినా ఎగరకపోయినా సమానంగా పంచుకోవాలి.
• పెట్రోలు, నూనె, 50 గంటలకు, 100 గంటలకు వచ్చే పనుల ఖర్చు ఎవరు ఎన్ని గంటలు ఎగిరితే అంత కట్టాలి.
• ఇంజను నిధి వేరుగా ఉండాలి. ఉదాహరణకు ఓవర్‌హాల్‌కు 20 లక్షలు, మిగిలిన ఆయుష్షు 2,000 గంటలు అనుకుంటే గంటకు వెయ్యి రూపాయలు పక్కన పెట్టాలి. రెండేళ్లే మిగిలితే గంటల లెక్క పనికిరాదు, నెలకు ఇంత అని కట్టాలి.
• ఒకరు వాటా అమ్ముకోవాలన్నా, ఒకరు చనిపోయినా ధర ఎలా కట్టాలో, ఎవరికి మొదటి హక్కో రాయాలి.

బీమా కాగితాన్ని చివరి పేజీ దాకా చదవండి. లైసెన్సు గానీ, మెడికల్ గానీ, సమీక్ష పత్రం గానీ గడువు దాటి ఉంటే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఇంకొకటి ఎవరూ చూడరు. చాలా వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీల్లో టికెట్టు కొన్న ప్రయాణికుడిగా తప్ప వేరే విధంగా విమానంలో ఉంటే వర్తించదని రాసి ఉంటుంది. ఇంటిమీద అప్పు, చిన్నపిల్లలు ఉన్నవారు ఈ ఒక్క వాక్యం కోసం తమ పాత పాలసీలన్నీ బీరువాలోంచి తీసి చదవాలి.

ముహూర్తానికి చిన్న విమానం పనికిరాదు

ఇంజనీరు గారు చివరగా చెప్పిన మాట ఇది: ఎక్కువ భయపడవలసింది తొందరకు. మన దేశంలో కంటిచూపుతో నడిపే విమానాలు సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాలు దాటాక ఎగరకూడదు. మబ్బులోకి దూరకూడదు. మబ్బులో దిక్కు కనపడనప్పుడు చెవి లోపలి సమతుల్యం మోసం చేస్తుంది. విమానం ఒరిగిపోతున్నా తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది.

1999 జులై 16న అమెరికాలో మాజీ అధ్యక్షుడు కెనెడీ కుమారుడు తన చిన్న విమానంలో భార్యను, వదినను తీసుకుని బయల్దేరాడు. చుట్టాలింట పెళ్లికి వెళ్తున్నాడు. రాత్రి, కింద సముద్రం, మసక. దిక్కు తోచక అదుపు తప్పిందని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. ముగ్గురూ పోయారు. పెళ్లి ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు, మబ్బు కూడా ఆగదు. అందుకే తప్పనిసరిగా చేరవలసిన చోటికి రైలు టికెట్టు జేబులో ఉండాలి. విమానం సరదాకే.

జలుబు మాత్ర వేసుకుని మగతగా ఉన్నా, ముందు రోజు నిద్ర లేకపోయినా ఎగరకూడదు. మద్యానికీ ఎగరడానికీ మధ్య కనీసం 12 గంటలు ఉండాలి.

చివరకు ఏం జరిగింది

మిగతా డబ్బు కట్టలేదు. ఇచ్చిన అడ్వాన్సులో సగమే తిరిగొచ్చింది. అది చదువు ఫీజు అనుకున్నాం. కుర్రవాడు ఇప్పుడు ప్రైవేట్ లైసెన్సుకు గంటలు పూర్తి చేస్తున్నాడు, విమానం అద్దెకు తీసుకుని. ఏడాదికి ఎన్ని గంటలు నిజంగా ఎగురుతాడో తేలాక వాటా గురించి మళ్లీ కూర్చుందామన్నాం.

మొన్న వాళ్లమ్మగారు కనిపించి, "అన్నయ్యగారూ, వాడు ఎగరడం మానలేదు. కానీ ఇప్పుడు బయల్దేరే ముందు ఆకాశం చూసి, పెట్రోలు చూసి, ఒక్కోసారి ఇవాళ వద్దులే అని ఇంటికొచ్చేస్తున్నాడు" అన్నారు. భయం పూర్తిగా పోలేదు కానీ అన్నం తింటున్నారు.

మీ ఇంట్లోనూ ఎవరికైనా ఈ ఆశ ఉంటే కాదనకండి. ఫైలు పట్టుకుని సంఘానికి రండి. ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు నేను ఆఫీసులోనే ఉంటాను. ఒక్కటే మాట, అడ్వాన్సు ఇవ్వకముందు రండి.