పిల్లి కడుపులో పురుగులు – ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతులు

ఆసుపత్రి పత్రికలో పిల్లి గురించి వ్యాసమేమిటని మీరు అనుకోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో వడ్ల బస్తాలు, పల్లికాయ మూటలు ఉన్న ఇంటికి ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం పిల్లిని ఉంచుకుంటాం. గొర్రెలకు, మేకలకు నట్టల మందు తాపాలని మన దగ్గర ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేదు. కానీ పిల్లికి కూడా నట్టల మందు అవసరమన్న ఆలోచన చాలా ఇళ్లలో రాదు. మన పసిపిల్లలు ఆడుకునేది ఆ పిల్లితోనే, అది మలం కప్పిపెట్టే మట్టిలోనే.

పిల్లికి ఏ పురుగులు పడతాయి?

ఏలికపాములు: సేమ్యాలాగా తెల్లగా, పొడుగ్గా ఉంటాయి. తల్లిపాల ద్వారానే కూనలకు చేరతాయి. పెద్ద పిల్లికి మట్టిలోని గుడ్ల వల్ల, ఎలుకలను తినడం వల్ల వస్తాయి.

కొంకి పురుగులు: మలంలో సాధారణంగా కనిపించవు. పేగు గోడను కరచి పట్టుకుని రక్తం తాగుతాయి. చిన్న కూనల ప్రాణానికి ఇవే ముప్పు.

బద్దె పురుగులు: ఎలుకలను తినడం వల్ల ఒక రకం వస్తుంది. బొచ్చులో గెంతుతూ తిరిగే చిన్న పురుగులను పిల్లి నాక్కుంటూ మింగడం వల్ల మరో రకం వస్తుంది.

గుర్తుపట్టడం ఎలా?

- కూన పొట్ట ఉబ్బి, వెన్ను, పక్కటెముకలు బయటపడి ఉండడం
- తిన్నా ఒళ్లు చేయకపోవడం, బొచ్చు మెరుపు తగ్గి గరుకుగా మారడం
- వాంతిలో గాని, మలంలో గాని పురుగులు పడడం
- తోక కింద, పడుకున్న గుడ్డ మీద బియ్యపు గింజల వంటివి, దోసగింజల వంటివి కనిపించడం. ఇవి బద్దె పురుగు ముక్కలు
- చిగుళ్లు పాలిపోవడం, మలం తారులాగా నల్లగా ఉండడం. ఇలా ఉంటే ఆ రోజే పశువైద్యునికి చూపించాలి

పెద్ద పిల్లిలో ఈ గుర్తులేవీ లేకపోయినా పురుగులు ఉండవచ్చు. పైకి బాగానే ఉంది కదా అని మందు మానవద్దు.

బడిలో ఇచ్చిన మాత్ర పిల్లికి వేయవచ్చా?

వేయకూడదు. 2015 నుండి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరుతో బడులలో, అంగన్‌వాడీలలో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నారు. అందులో 400 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మూడు కిలోల పిల్లికి అది చాలా ఎక్కువ. పైగా ఆ మందు పిల్లుల ఎముక మజ్జను దెబ్బతీసి, రక్తకణాలు తగ్గిపోయేలా చేయగలదు. గొర్రెల మందును అంచనాగా తాపడం కూడా అంతే ప్రమాదం.

పిల్లిని, వీలైతే దాని మలం కొంచెం డబ్బాలో, దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఏలికపాములకు, కొంకి పురుగులకు పైరాంటెల్ వంటి మందు, బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ వాడతారు. ఎంత వేయాలో పిల్లి బరువును బట్టి డాక్టరు చెబుతారు. కూనలకు మూడో వారంలో మొదలుపెట్టి, పాలు మానే దాకా రెండు వారాలకొకసారి, తరువాత ఆరు నెలల వయసు వరకు నెలకొకసారి వేయిస్తారు. అదే సమయంలో తల్లిపిల్లికీ వేయాలి. బయట తిరిగి ఎలుకలు పట్టే పెద్ద పిల్లికి మూడు నెలలకొకసారి మంచిది. బొచ్చులోని పురుగులకు కుక్కల మందు పూయవద్దు. పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందులు పిల్లులను చంపగలవు.

మన పిల్లలకు వచ్చే ముప్పు

పిల్లలలో సాధారణంగా కనిపించే నులిపురుగులు, మనుషుల ఏలికపాములు పిల్లి వల్ల రావు. ఆ నింద పిల్లి మీద వేయకండి. కానీ కుక్క, పిల్లి ఏలికపాముల గుడ్లు మట్టితో పాటు పిల్లల నోట్లోకి పోతే, వాటిలోంచి వచ్చే లార్వాలు ఒంట్లో తిరుగుతాయి. జ్వరం, దగ్గు, కాలేయం వాపు రావచ్చు. అరుదుగా కంటికి చేరి చూపు పోవచ్చు. 1950లో అమెరికాలో వైల్డర్ అనే పరిశోధకురాలు, క్యాన్సర్ లాంటి జబ్బు అనుమానంతో తీసివేసిన 46 కళ్లను పరీక్షించగా, 24 కళ్లలో పురుగు లార్వాలు కనిపించాయి.

ఈ పురుగు మనిషి పేగులో పెరిగి గుడ్లు పెట్టదు. అందుకే మల పరీక్షలో దొరకదు. మట్టి తినే అలవాటున్న బిడ్డకు తగ్గని జ్వరం, దగ్గు ఉన్నా, ఒక కన్ను మసకబారినా, మెల్లకన్ను వచ్చినా, కంటిపాప తెల్లగా కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించండి. ఇంట్లో పిల్లి గాని కుక్క గాని ఉందని తప్పక చెప్పండి. మట్టి తినే పిల్లలకు రక్తహీనత కూడా ఉండవచ్చు, పరీక్ష చేయించండి.

కొంకి పురుగుల లార్వాలు తడి మట్టిలో నుంచి చర్మంలోకి దూరి, దురదతో వంకర గీతలు తెప్పిస్తాయి. వానకాలంలో చెప్పులు లేకుండా తిరగనివ్వకండి.

ఇంట్లో పాటించవలసినవి

1. పిల్లి మలాన్ని రోజూ తీసి లోతుగా పాతిపెట్టండి. ఏలికపాము గుడ్లు అంటుకునే దశకు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. రోజూ తీసేస్తే ఆ ముప్పు ఉండదు.
2. గర్భిణులు ఈ పని చేయకూడదు. పిల్లి మలం వల్ల వచ్చే టాక్సోప్లాస్మా అనే వేరే జబ్బు కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది.
3. ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్ప పిల్లికి మరుగుదొడ్డి, పిల్లలకు ఆటస్థలం. దానిపై తాటిపత్రి కప్పండి.
4. ఫినాయిల్‌తో గుడ్లు చావవు. కడగగలిగిన చోట మరిగే నీళ్లు పోయండి.
5. అన్నానికి ముందు, పిల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. గోళ్లు కత్తిరించండి.
6. కూరగాయలు, కొత్తిమీర బాగా కడిగి వాడండి.

ఇది చదివి ఎవరూ పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరి బయట వదలవద్దు. వదిలిన పిల్లి వేరొకరి వాకిట్లో అవే గుడ్లు వేస్తుంది. దాని స్థానంలో మన ఇంటికి ఇంకో పిల్లి వస్తుంది. నీతిమంతుడు తన పశువుల బాగు కూడా చూస్తాడని సామెతల గ్రంథం 12వ అధ్యాయం మనకు నేర్పుతుంది. మన గింజలను కాపాడే ఆ చిన్న ప్రాణికి మూడు నెలలకొకసారి మందు వేయించడం పెద్ద భారం కాదు. అది మన బిడ్డల కళ్లకు కూడా కాపలా.