ఆవిరికి కావలి కాయు దీపము

లాస్ ఏంజిలస్ నగరమును 1940వ దశకమున పట్టపగలే కమ్ముకొని, జనుల కన్నులను మండించి, పొలములలోని ఆకులను మాడ్చిన పొగమంచు ఎక్కడినుండి వచ్చుచున్నదో చాలకాలము ఎవరికిని బోధపడలేదు. హాలెండున జన్మించి కాలిఫోర్నియాలో ఆచార్యుడుగా నుండిన ఆరీ హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, మోటారు బండ్లనుండియు చమురు కర్మాగారములనుండియు వెలువడు హైడ్రోకార్బనులు నైట్రోజన్ ఆక్సైడులతో కూడి సూర్యరశ్మియందు ఓజోనును పుట్టించుచున్నవని 1950వ దశకారంభమున నిరూపించెను. నడచు బండి పొగయే కాదు, ఎండలో ఊరక నిలిచిన బండి ట్యాంకునుండి లేచు పెట్రోలు ఆవిరియు ఈ దోషమున భాగస్వామియే.

ఆ ఆవిరిని బంధించు ఏర్పాటును కాలిఫోర్నియా 1970 మోడలు బండ్లకును, అమెరికా దేశమంతయు మరుసటి యేటి బండ్లకును విధించెను. ఉత్తేజిత బొగ్గు నింపిన కేనిస్టరు ఆవిరిని పట్టియుంచును. ఇంజను నడచునపుడు పర్జ్ వాల్వు తెరచుకొనగా, ఆ ఆవిరి ఇంజనులోనికి పీల్చబడి ఇంధనముగా దగ్ధమగును. 1996 మోడళ్లనుండి అచట అనివార్యమైన ఓబీడీ-2 విధానమున బండిలోని కంప్యూటరే వాల్వులను మూసి, ట్యాంకులోని పీడనమును పరీక్షించి, ఒక మిల్లీమీటరు రంధ్రమును సైతము కనిపెట్టి చెక్ ఇంజన్ దీపమును వెలిగించును. తరువాతి బండ్లు అర మిల్లీమీటరు రంధ్రమునే పసిగట్టసాగినవి.

ఆర్పిన దీపము కొన్నాళ్లకు మరల వెలుగుటకు కారణము ఈ పరీక్షాక్రమముననే యున్నది. ఇంజను చల్లబడియుండి, ట్యాంకు నిండుగాను అడుగంటియు నుండనప్పుడే పరీక్ష జరుగును. పెక్కు బండ్లలో వరుసగా రెండు ప్రయాణములలో దోషము కనబడినగాని దీపము వెలుగదు. కావున కంప్యూటరు నమోదుచేసిన దోషపు కోడును స్కానరుతో చెరిపివేసినంతమాత్రమున రోగము కుదిరినదని తలచరాదు.

ఆ కోడులలో పి0455 పెద్ద లీకును, పి0442 చిన్నదానిని, పి0456 అతి సూక్ష్మమైనదానిని సూచించును. స్థానమును మాత్రము ఏదియు చెప్పదు. మొదట ట్యాంకు మూతయొక్క రబ్బరు వాషరును, మూత కూర్చుండు అంచును చూడవలెను. పిమ్మట ఇంజను నడచుచుండగా పర్జ్ వాల్వు తీగను ఊడదీసి, కేనిస్టరు వైపు గొట్టమును విప్పి, వాల్వు నోటికి వ్రేలు ఆనించినప్పుడు పీల్పు తగిలినచో, ఆ వాల్వు మూసికొనుట లేదని యర్థము. అప్పటికిని తేలనిచో, సైకిలు ట్యూబును నీట ముంచి పంక్చరు వెదకునట్లు, కేనిస్టరుకు బయటిగాలి నందించు వెంట్ వాల్వును మూసి, గొట్టములలోనికి స్వల్పపీడనముతో పొగను పంపి, అది ఎచట పైకి వచ్చునో దీపకాంతితో పరికించుటయే ఉత్తమమార్గము. బంకులో గన్ను తనంత తాను ఆగిన పిదపను పెట్రోలు కుక్కి పోయించు అలవాటు బొగ్గును తడిపి కేనిస్టరును చెరచునని యజమానులు ఎరుగవలెను.

ఈ లోపమున్నను బండి సాధారణముగా ఏ ఇబ్బందియు లేక పరుగెత్తును గనుకనే దానిని ఉపేక్షించుట సులభము. అయినను ఆ దీపము హెచ్చరించునది యజమాని సౌఖ్యమును గూర్చి కాదు, ఊరి వారందరు పీల్చు గాలిని గూర్చి. మరమ్మతు ముగిసినపిమ్మట ట్యాంకును సగముదాక నింపి, రాత్రియంతయు బండిని చల్లారనిచ్చి, మరునాటి ప్రయాణములలో కంప్యూటరు తన పరీక్షను తాను పూర్తిచేసి నిర్దోషమని తేల్చినప్పుడే మెకానిక్కు పని ముగిసినట్లు.